రేడియేషన్‌లో మంచి అవయవాల రక్షణ: మెషిన్ ఆన్ కాకముందే తేలే లెక్క

వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ వైపు నుంచి క్యాన్సర్ రోగిని రేడియేషన్‌కు తీసుకెళ్లే కుటుంబాలు డాక్టర్‌ను ముందుగా అడిగే మాట "ఏ మెషిన్ మీద పెడతరు సార్?" అని. కొత్త మెషిన్ అయితే పక్క అవయవాలకు ఏమీ కాదని, పాతదైతే లోపలంతా కాలిపోతుందని ఊళ్లలో ఒక నమ్మకం. మెషిన్ ముఖ్యమే, కాదనలేం. కానీ ఒక మంచి అవయవం మిగులుతుందా, దెబ్బతింటుందా అన్నది చాలావరకు మెషిన్ ఆన్ కాకముందే, కిరణాలు ఎటు నుంచి, ఎంత వేయాలో లెక్కగట్టే ప్లానింగ్ దశలోనే తేలిపోతుంది. ఆ తర్వాత చేయాల్సింది, ప్లానింగ్ స్కాన్ రోజు శరీరం ఎట్లా ఉందో చివరి సిట్టింగ్ దాకా అట్లాగే ఉంచడం. అదే మెడ వంపు, అంతే నిండిన మూత్రాశయం, అదే బరువు. ఎంత ఖరీదైన లీనాక్ (కరెంటుతో కిరణాలు పుట్టించే రేడియేషన్ మెషిన్) అయినా తనకు చెప్పిన చోటికే కిరణం పంపుతుంది. ఆ చోట ఈ రోజు కణితి ఉందో, లాలాజల గ్రంథి ఉందో మనుషులే చూసుకోవాలి.

కిరణం కణితి దగ్గర ఆగదు

రేడియేషన్‌కు వాడే ఎక్స్‌రేలు ఒంట్లోకి ఒక పక్క నుంచి దూరి ఇంకో పక్క నుంచి బయటికి పోతాయి. 6 మెగావోల్టుల లీనాక్ కిరణం చర్మం కింద ఒకటిన్నర సెంటీమీటర్ల లోతున గరిష్ఠ మోతాదు ఇస్తుంది. 10 సెంటీమీటర్ల లోతుకు చేరేసరికి అందులో దాదాపు మూడింట రెండు వంతులే మిగులుతుంది. అంటే లోతున ఉన్న కణితిని ఒకే దిక్కు నుంచి కొడితే, దారిలోని మంచి కణజాలానికి కణితి కన్నా ఒకటిన్నర రెట్లు ఎక్కువ పడుతుంది. అందుకే నాలుగైదు దిక్కుల నుంచి, లేదా మెషిన్ చుట్టూ తిరుగుతూ కిరణాలు వేస్తారు. అన్నీ కలిసే చోట పూర్తి మోతాదు పడుతుంది, మిగతా చోట్ల తలా కొంత పడుతుంది. ఐఎంఆర్‌టీ, వీమ్యాట్ అనే పద్ధతుల్లో ఒక్కో దిక్కు కిరణాన్ని సన్నటి లోహపు ఆకులతో మలుస్తారు. చాలా లీనాక్‌లలో మధ్యభాగపు ఆకు వెడల్పు, కణితి ఉండే చోట కొలిస్తే, 5 మిల్లీమీటర్లు. ఆ ఆకులు కదులుతూ మోతాదును కణితి ఆకారానికి దగ్గరగా తెస్తాయి.

కోబాల్ట్-60 అనే రేడియోధార్మిక లోహం నుంచి కిరణం వచ్చే పాత కోబాల్ట్ మెషిన్‌లో అంచులు అంత పదునుగా ఉండవు, మసకగా ఒక సెంటీమీటరు దాకా పరుచుకుంటాయి. కోబాల్ట్-60 తీవ్రత 5.27 ఏళ్లకు సగమవుతుంది కాబట్టి, ఆ లోహం పాతబడినకొద్దీ రోగి బల్ల మీద ఎక్కువసేపు పడుకోవాలి. పడుకునే సమయం పెరిగితే కదిలే అవకాశమూ పెరుగుతుంది. అయినా ఎముకకు పాకిన క్యాన్సర్ నొప్పి తగ్గించడం లాంటి పనులకు కోబాల్ట్ నిక్షేపంగా సరిపోతుంది. వెన్నుపాము పక్కనే ఆనుకుని ఉన్న గొంతు కణితికి మాత్రం ఐఎంఆర్‌టీ చేయగల లీనాక్ కోసం దూరమైనా వెళ్లడం మేలు.

మంచి కణజాలానికి రెండో రక్ష సమయం. ఆరోగ్యంగా ఉన్న కణాలు కిరణపు దెబ్బను బాగు చేసుకోవడానికి కనీసం 6 గంటలు కావాలి. క్యాన్సర్ కణాలకు ఆ నేర్పు సాధారణంగా తక్కువ. అందుకే గొంతు క్యాన్సర్‌కు ఇచ్చే 70 గ్రేలను (గ్రే అంటే ఒంట్లో పడే రేడియేషన్ మోతాదుకు కొలత) ఒక్కసారిగా కాక, రోజుకు 2 గ్రేల చొప్పున 35 సిట్టింగులుగా, వారానికి ఐదు రోజులు, ఏడు వారాలు ఇస్తారు. "రోజూ తిరగలేం, రెండు రోజులది ఒకేసారి పెట్టండి" అని బతిమాలేవారు ఉంటారు. రోజు మోతాదు పెరిగినకొద్దీ నరాలు, ఎముక, పేగు లాంటి భాగాలకు ఏళ్ల తర్వాత కనిపించే నష్టం మొత్తం మోతాదు లెక్కకు మించి పెరుగుతుంది. డాక్టర్లు ఒప్పుకోకపోవడానికి కారణం అదే.

ఏ అవయవం ఎంత ఓర్చుకుంటుంది

అవయవాలన్నీ ఒకే తీరుగా దెబ్బతినవు. వెన్నుపాము చెరువు కట్ట లాంటిది: ఎక్కడ ఒక్క గండి పడినా మొత్తం చెరువు ఖాళీ. ఊపిరితిత్తి ఆయకట్టు లాంటిది: కొన్ని మడులు ఎండినా మిగతావి పండుతాయి. కాబట్టి వెన్నుపాముకు "ఏ ఒక్క బిందువులోనూ ఇంత మించొద్దు" అని గరిష్ఠ హద్దు పెడతారు. ఊపిరితిత్తికి "ఎంత భాగం మీద ఎంత పడింది" అన్న లెక్క చూస్తారు.

రోజుకు 2 గ్రేల పద్ధతిలో వెన్నుపాముకు మామూలుగా పెట్టుకునే హద్దు 45 గ్రేలు. ప్రపంచవ్యాప్త అనుభవాన్ని క్రోడీకరించి 2010లో వెలువడిన క్వాంటెక్ నివేదిక ప్రకారం 50 గ్రేల దగ్గర కాళ్లూ చేతులూ పడిపోయే ప్రమాదం 0.2 శాతమే, 60 గ్రేల దగ్గర అది దాదాపు 6 శాతం. పది గ్రేల తేడాకు ప్రమాదం ముప్పై రెట్లు. గొంతు కణితికి 70 ఇవ్వాల్సి ఉండగా కొన్నిసార్లు రెండు మూడు సెంటీమీటర్ల దూరంలోనే వెన్నుపాముకు 45 దాటకూడదు. ప్లానింగ్‌లో చెమట పట్టించేది ఈ రెండు మూడు సెంటీమీటర్లే.

మెదడు కాండానికి 54 గ్రేలు, కంటి నరానికి 54, 55 గ్రేల దాకా హద్దు. కంటి కటకం 10 గ్రేల లోపే మసకబారడం మొదలెట్టొచ్చు. అయినా ఇరుకున పడితే ప్లానింగ్‌లో ముందుగా వదులుకునేది కటకాన్నే, ఎందుకంటే శుక్లాన్ని ఆపరేషన్‌తో తీసేయొచ్చు, కంటి నరాన్ని మళ్లీ పెట్టలేం. రెండు మూత్రపిండాల సగటు 18 గ్రేల లోపు, కాలేయం సగటు 30 గ్రేల లోపు ఉంచాలని చూస్తారు. ఊపిరితిత్తుల్లో 20 గ్రేలు దాటిన భాగం 30–35 శాతానికి మించకూడదు.

చెవి ముందు ఉండే పరోటిడ్ లాలాజల గ్రంథుల సంగతి కొంచెం విడమరచాలి. రెండింటి సగటు 25 గ్రేల లోపు, లేదా కనీసం ఒకదాని సగటు 20 లోపు ఉంటే ఏడాది తిరిగేసరికి నోట్లో తడి చాలావరకు తిరిగొస్తుంది. బ్రిటన్‌లో జరిగి 2011లో వెలువడిన పార్‌స్పోర్ట్ పరిశోధన దీన్ని నేరుగా పోల్చి చూపింది. పాత పద్ధతిలో చికిత్స పొందినవారిలో ఏడాదికి 74 శాతం మందికి చెప్పుకోదగ్గ నోటి ఎండు మిగలగా, గ్రంథిని తప్పిస్తూ ఐఎంఆర్‌టీ ఇచ్చినవారిలో అది 38 శాతం. నోరెండితే బువ్వ మింగుడుపడదు, పళ్లు పుచ్చుతాయి, రాత్రి నాలుగుసార్లు లేచి నీళ్లు తాగాలి. ప్రాణానికి ముప్పు కాదు కదా అని దీన్ని తేలిగ్గా తీసేయడం తప్పు.

అయితే రక్షణకూ ఒక హద్దుంది. గ్రంథి పక్కనే క్యాన్సర్ గడ్డ ఉంటే, గ్రంథి కోసం ఆ గడ్డకు మోతాదు తగ్గించకూడదు. అక్కడ తగ్గించిన కొన్ని గ్రేలే రేపు క్యాన్సర్ తిరగబెట్టే చోటు అవుతాయి. రెండో వైపు గ్రంథిని గట్టిగా కాపాడి, ఈ వైపుది వదులుకోవడం సరైన నిర్ణయం. ఆ సంగతి రోగికి ముందే చెప్పాలి.

మాస్క్ దగ్గర మొదలయ్యే తప్పులు

గుట్కా, జర్దా, ఖైనీ, బీడీల పుణ్యాన నోటి, గొంతు క్యాన్సర్లు మన దగ్గర ఎక్కువ. వీటిలో తల కదలకుండా మాస్క్ చేస్తారు. అది చిల్లులున్న ప్లాస్టిక్ పలక. సుమారు 65–70 డిగ్రీల వేడి నీళ్ల తొట్టిలో రెండు మూడు నిమిషాలు ఉంచితే గుడ్డలా మెత్తబడుతుంది. నీళ్లు దులిపి, వేడి చేత్తో చూసుకుని, ముఖం మీదికి లాగి బల్లకు బిగిస్తారు. నుదురు, ముక్కు దూలం, గడ్డం అచ్చు దిగేలా వేళ్లతో నొక్కుతారు. పూర్తిగా చల్లారి గట్టిపడేదాకా తీయకూడదు. తొందరపడి తీస్తే తర్వాత కుంచించుకుపోయి మరుసటి రోజు బిగుసుకుంటుంది. మెడ గడ్డలకు కూడా చికిత్స ఉంటే భుజాల దాకా వచ్చే పెద్ద మాస్క్ కావాలి. ముఖం వరకే పట్టే మాస్క్‌లో భుజాలు రోజుకో ఎత్తున ఉంటాయి.

చూడ్డానికి చిన్నవే అయినా కొన్ని తప్పులు ఇక్కడ మొత్తం లెక్కను చెడగొడతాయి. మాస్క్ చేసిన రోజు తల వెనక కొప్పు ఉండి మరుసటి రోజు జడ వేసుకొస్తే తల ఎత్తు మారుతుంది. దాంతో మెడ వంపు మారి, వెన్నుపాము కిరణం వైపు జరుగుతుంది. గడ్డంతో మాస్క్ చేయించుకుని వారం తర్వాత గీయించుకుంటే దవడ దగ్గర సందు ఏర్పడుతుంది. అందుకే గడ్డం గీయించుకునే రావాలి, మళ్లీ పెంచొద్దు. మెడకు, రొమ్ముకు చికిత్స అయితే పుస్తెలతాడు, నల్లపూసలు, తాయెత్తు తీయాలి. లోహం స్కాన్‌లో చారలు పుట్టిస్తుంది, చికిత్సలో చర్మంపై మోతాదును మారుస్తుంది. చాలామంది ఆడవాళ్లకు పుస్తెలు తీయడం మనసుకు కష్టం. గది గుమ్మం దగ్గర హఠాత్తుగా తీయమనే బదులు, స్కాన్ తేదీ ఇచ్చినప్పుడే ఆ కాసేపు తీసి చేతిలో పెట్టుకోవచ్చని చెబితే గొడవే ఉండదు.

ప్లానింగ్ స్కాన్ సాధారణంగా 3 మిల్లీమీటర్లకు ఒక ముక్క చొప్పున తీస్తారు. నాలుక క్యాన్సర్‌లో పళ్ల మధ్య చిన్న మౌత్‌పీస్ పెట్టి నాలుకను కిందికి నొక్కితే అంగిలి పైకి జరిగి కిరణం నుంచి తప్పుకుంటుంది. ఆ వస్తువు అతి చౌక, అయినా చాలాచోట్ల పెట్టరు. అడిగి పెట్టించుకోవచ్చు. పెట్టినప్పుడు దాన్ని చివరి రోజు దాకా తప్పకుండా పెట్టాలి. ఒక్కరోజు మరిచినా ఆ రోజు అంగిలి కిరణంలోకి వస్తుంది.

స్కాన్ కన్నా ముందు పళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. కదిలే పళ్లు, వేర్లు పుచ్చిన పళ్లు రేడియేషన్‌కు రెండు మూడు వారాల ముందే పీకించి పుండు మాననివ్వాలి. 60 గ్రేలు దాటిన దవడ ఎముకకు రక్తప్రసరణ తగ్గిపోతుంది. ఆ తర్వాత ఏళ్లు గడిచినా ఆ భాగంలో పన్ను పీకితే పుండు మానక ఎముక కుళ్లే ప్రమాదం ఉంది. గుట్కా నమిలి నోరు సరిగా తెరుచుకోనివారికి తర్వాత ఏ పన్ను పనీ సులువు కాదు కాబట్టి, వాళ్ల విషయంలో ఈ ముందు పరీక్ష ఇంకా ముఖ్యం. లోహపు క్యాపులు, సిమెంటు ఉన్న పళ్ల సంగతి కూడా స్కాన్‌కు ముందే చెప్పాలి. వాటి చారల వల్ల చుట్టుపక్కల కణజాలం సాంద్రత తప్పుగా నమోదవుతుంది. మోతాదు లెక్కగట్టే ఫిజిసిస్ట్ ఆ చారలను గుర్తించి చేత్తో సరిచేయాలి.

గీత తప్పితే లెక్కంతా తప్పు

స్కాన్ అయ్యాక డాక్టర్ ప్రతి ముక్క మీద కణితిని, అది పాకి ఉండే చుట్టు భాగాన్ని, ప్రతి మంచి అవయవాన్ని గీస్తారు. కంప్యూటర్ కాపాడేది ఆ గీత లోపలి భాగాన్నే. గీయని అవయవానికి హద్దు ఉండదు. ఈమధ్య సాఫ్ట్‌వేర్ దానంతటదే గీసి ఇస్తోంది. అది పనిని తగ్గిస్తుంది, కానీ మనిషి చూసి దిద్దకపోతే కుదరదు. గడ్డ వల్ల ఒత్తుకుపోయిన గ్రంథిని, ఆపరేషన్ తర్వాత చెదిరిన కండరాన్ని అది పొరబడటం మామూలే.

గీతల చుట్టూ, రోజువారీ కదలికకు సర్దుబాటుగా కొంత అంచు కలుపుతారు. తల, మెడలలో 3–5 మిల్లీమీటర్లు, కటి భాగంలో 7–10 మిల్లీమీటర్లు మామూలు. రోజూ బల్ల మీదే చిన్న సీటీ తీసి, అంటే కోన్‌బీమ్ స్కాన్‌తో చూసి సరిచేసే చోట తల, మెడలకు 3 మిల్లీమీటర్లు సరిపోతుంది. వారానికొకసారే చూసే చోట అంచు పెంచాల్సిందే. అంచు పెరిగినకొద్దీ గ్రంథి, పేగు మరికొంత కిరణంలోకి వస్తాయి. "రోజూ ఇమేజింగ్ చేస్తారా?" అనేది మెషిన్ కంపెనీ పేరు కన్నా ఎంతో పనికొచ్చే ప్రశ్న.

ఐఎంఆర్‌టీ అంటే అన్నివేళలా మేలని కూడా కాదు. చుట్టూ తిరిగి కొట్టినప్పుడు ఎక్కువ మోతాదు చిన్న చోటికి కుదించుకుపోతుంది కానీ, కొద్దికొద్ది మోతాదు ఒంట్లో చాలా భాగం మీద పరుచుకుంటుంది. నలభై ఏళ్ల లోపు ఆడవాళ్లకు రొమ్ము క్యాన్సర్ చికిత్సలో రెండో రొమ్ము మీద, రెండో ఊపిరితిత్తి మీద ఆ చిన్న మోతాదు పడటం మంచిది కాదు. అక్కడ రెండు ఎదురెదురు వాలు కిరణాల పాత పద్ధతే చాలాసార్లు మెరుగు.

బరువు తగ్గితే వెన్నుపాముపై భారం

నోటి, గొంతు చికిత్సలో రెండో వారం చివర్లో పుండ్లు మొదలవుతాయి. మూడు, నాలుగు వారాలకు తిండి సగానికి పడిపోతుంది. అరవై కిలోల మనిషి ఆరు కిలోలు తగ్గడం అరుదేమీ కాదు. బుగ్గలు, మెడ పీక్కుపోయి మాస్క్ లోపల తల ఆడుతుంది. కిరణం దారిలో కండ తగ్గడంతో లోపలికి చేరే మోతాదు పెరుగుతుంది. లాలాజల గ్రంథి కుంచించుకుపోయి నోటి మధ్య వైపు, అంటే ఎక్కువ మోతాదు పడే వైపు జరుగుతుంది. కాగితం మీద 43 గ్రేలున్న వెన్నుపాము ఇట్లా హద్దు దాటే వీలుంది. మాస్క్ లోపల వేలు దూరేంత సందు కనిపించినా, బరువు పదో వంతు తగ్గినా మళ్లీ మాస్క్, మళ్లీ స్కాన్, మళ్లీ ప్లాన్ చేయాలి. దీనికి రెండు మూడు రోజులు పడుతుందని వెనకాడకూడదు.

అందుకే గొంతు రోగికి తిండి కూడా అవయవ రక్షణలో భాగమే. రాగి జావలో పాలపొడి, మెత్తగా ఉడికించి మెదిపిన పప్పన్నంలో నెయ్యి, గుడ్డు, పెరుగు, మీగడ తీయని పాలు, మక్క గటక పలుచగా చేసి, ఏదైనా రోజుకు ఆరేడుసార్లు కొంచెం కొంచెంగా. మిరపకాయ తొక్కు, పచ్చిపులుసు, వేడి వేడి చాయ్ పూర్తిగా బంద్. పుండ్లు పడ్డాక లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో చెంచాడు ఉప్పు, చెంచాడు వంటసోడా కలిపి రోజుకు ఏడెనిమిది సార్లు పుక్కిలించాలి. బజారులో దొరికే ఘాటైన మౌత్‌వాష్‌లలో ఆల్కహాల్ ఉంటే పుండు మండుతుంది. మింగడం బొత్తిగా కుదరకపోతే ముక్కు గొట్టం పెట్టించుకోవాలి. "గొట్టం పెడితే ఇక అంతే" అనే భయంతో వారం ఆలస్యం చేసేవారు ఎక్కువ. ఆ వారంలోనే బరువు పోతుంది, మాస్క్ వదులవుతుంది.

చర్మం మీద పసుపు, సున్నం, గంధం పూయొద్దు. మందంగా పట్టించిన ఏ పూతైనా చర్మానికి పడే మోతాదును పెంచుతుంది. పుండు మీద అయితే చీము పట్టిస్తుంది. వదులు నూలు బట్టలు, ఎండ తగలకుండా కండువా చాలు. ఒంటి మీద గీసిన గుర్తులను రుద్ది కడగకూడదు. చెరిగితే ఇంట్లో పెన్నుతో దిద్దుకోకుండా సిబ్బందికి చెప్పాలి.

నీళ్ల సీసా, బస్సు ప్రయాణం

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో 25 సిట్టింగుల్లో 45–50 గ్రేలు, వారానికోసారి సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు, ఆ తర్వాత లోపలి నుంచి ఇచ్చే బ్రాకీథెరపీ ఉంటాయి. మొత్తం ఎనిమిది వారాల్లో పూర్తి కావాలి. ఇక్కడ ప్రమాదంలో ఉండేవి చిన్నపేగు, మూత్రాశయం, మలాశయం. మూత్రాశయం నిండితే అది పేగులను పైకి నెట్టి కిరణం నుంచి తప్పిస్తుంది. మలాశయం ఖాళీగా ఉండాలి. సాధారణ పద్ధతి: మూత్రం పోసి రావాలి, అర లీటరు నీళ్లు తాగాలి, 45 నిమిషాలు ఆగాలి, అప్పుడు బల్ల ఎక్కాలి. స్కాన్ తీసే రోజున ఇట్లాగే, ప్రతి సిట్టింగుకూ ఇట్లాగే.

కాగితం మీద ఇది సులువు. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ పల్లెల నుంచి వచ్చే మహిళలకు కాదు. పొద్దున్నే బస్సెక్కితే దారిలో మరుగుదొడ్డి దొరకదని రాత్రి నుంచే నీళ్లు మానేస్తారు. ఎండాకాలంలో ఆ ఎండిన ఒంటితో వచ్చి అర లీటరు తాగితే, ఆ నీళ్లు శరీరమే పీల్చేసుకుంటుంది. 45 నిమిషాలకు మూత్రాశయం స్కాన్ రోజున్నంత నిండదు. పేగులు కిందికి జారి కిరణంలోకి వస్తాయి. నెల తిరగకముందే విరేచనాలు, తర్వాతెప్పుడో పేగు అతుక్కుపోవడం వంటివి దీని ఫలితమే. గర్భాశయం కూడా మూత్రాశయాన్ని బట్టి ముందుకూ వెనక్కూ కదులుతుంది కాబట్టి కణితే గీత దాటి పోవచ్చు.

దీనికి మందేమీ అక్కర్లేదు. చికిత్స జరిగినన్ని రోజులు దవాఖానకు దగ్గర్లో ఉండటం మొదటిది. అది కుదరనివారు తెల్లవారి నుంచి కొంచెం కొంచెంగా నీళ్లు తాగుతూ రావాలి. దవాఖానకు చేరాక మూత్రం పోసి, అక్కడి నుంచి లెక్క మొదలుపెట్టాలి. సిస్‌ప్లాటిన్ ఎక్కే వారాల్లో నీళ్లు మూత్రపిండాలకు కూడా రక్ష. ఆపుకోలేకపోతే సిగ్గుపడకుండా సిబ్బందికి చెప్పాలి. "నిండింది" అని అబద్ధం చెప్పి బల్ల ఎక్కడం కన్నా, ఖాళీ చేసి మళ్లీ గంట ఆగడం మేలు. సిబ్బంది కూడా నోటి మాట మీద కాక, చిన్న అల్ట్రాసౌండ్‌తోనో రోజు స్కాన్‌తోనో చూసి ఎక్కించాలి. ఒకరు ముందు వెళ్లినందుకు ఇంకొకరు అరగంట ఎక్కువ ఆగాల్సి వచ్చే చోట, నీళ్లు తాగమనే సమయం ఎవరికి వారికి విడిగా చెప్పాలి. అందరికీ ఒకేసారి తాగించి వరసలో కూర్చోబెడితే చివరి మనిషి ఆపుకోలేదు.

బ్రాకీథెరపీలో రక్షణ ఇంకా సూక్ష్మం. ఇక్కడ, లోపల అమర్చిన గొట్టంలోకి పంపే రేడియోధార్మిక గింజ నుంచి దూరం రెట్టింపైతే మోతాదు దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. 1 సెంటీమీటరు దూరంలో ఉన్న మలాశయం గోడను 2 సెంటీమీటర్లకు నెట్టగలిగితే చాలు. అందుకే గొట్టాలు అమర్చాక, యోనిలో పొడవాటి గాజ్ గుడ్డను (కట్టు కట్టే పలుచటి నూలు గుడ్డ) పొరలు పొరలుగా కూరి, మూత్రాశయాన్ని ముందుకూ మలాశయాన్ని వెనక్కూ నెడతారు. ప్యాకింగ్ వదులుగా ఉంటే, లేదా గొట్టం కిందికి జారి గుడ్డ దానికి పైన చేరితే, ఎంత మంచి ప్లాన్ వేసినా మలాశయం బలవుతుంది. అమర్చాక సీటీ లేదా ఎంఆర్‌ఐ తీసి, బయటి, లోపలి చికిత్సలు రెండూ కలిపి, ఎక్కువ మోతాదు పడిన 2 ఘన సెంటీమీటర్ల కణజాలానికి ఎంత పడిందో లెక్కిస్తారు. మూత్రాశయానికి 90 గ్రేలు, మలాశయానికి 75 గ్రేలు మించొద్దు. వీలైతే 80, 65 లోపు ఉంచాలి. ఇవి రోజుకు 2 గ్రేల లెక్కకు మార్చిన అంకెలు. పిల్లలు కావాలనుకునే వయసువారు అండాశయాల గురించి చికిత్స మొదలుకాకముందే అడగాలి. అవి కొద్ది గ్రేలకే పనిచేయడం మానేస్తాయి.

ఊపిరి బిగపట్టే పదిహేను ఇరవై సెకన్లు

ఎడమ రొమ్ము క్యాన్సర్‌లో గుండె ముఖ్యం. 2013లో వెలువడిన స్కాండినేవియా అధ్యయనం ప్రకారం గుండెకు పడే సగటు మోతాదు ఒక్కో గ్రే పెరిగినకొద్దీ పెద్ద గుండె జబ్బుల ప్రమాదం 7.4 శాతం చొప్పున పెరుగుతుంది. దానికి కనీస హద్దంటూ కనిపించలేదు. గట్టిగా ఊపిరి పీల్చి బిగపడితే ఊపిరితిత్తి ఉబ్బి గుండె ఛాతీ గోడకు దూరంగా జరుగుతుంది. అప్పుడే కిరణం వేస్తారు. ఒక్కోసారి పదిహేను, ఇరవై సెకన్లు పట్టగలగాలి. స్కాన్‌కు వారం ముందు నుంచి ఇంట్లో పడుకుని, చేతులు తలపైకి పెట్టి సాధన చేస్తే చాలామందికి కుదురుతుంది. ఏళ్ల తరబడి బీడీలు చుట్టి తంబాకు దుమ్ముకు దగ్గు పట్టినవారికి ముందు దగ్గు తగ్గించాలి. కుదరనివారికి గుండెపై పడకుండా కిరణానికి మెషిన్‌లోని లోహపు ఆకు అడ్డుపెట్టడం లాంటి ఇతర దారులున్నాయి. రొమ్ము క్యాన్సర్‌కు ప్రస్తుతం మామూలైన మూడు వారాల 15 సిట్టింగుల 40 గ్రేల పద్ధతి రోగికి ప్రయాణాన్ని తగ్గిస్తుంది, మంచి కణజాలానికి అదనపు నష్టం చేయదని పెద్ద పరీక్షల్లో తేలింది.

మధ్యలో మానేస్తే

మేడారం జాతర, బతుకమ్మ, పత్తి ఏరే రోజులు, ఇంట్లో పెళ్లి. కారణం ఏదైనా, చికిత్స మధ్యలో ఖాళీ పడితే కణితి మళ్లీ పుంజుకుంటుంది. తల, మెడ క్యాన్సర్లలో చికిత్స మొత్తం కాలం ఒక్కో రోజు పొడిగినకొద్దీ, అక్కడ క్యాన్సర్‌ను అదుపు చేసే అవకాశం సుమారు 1.4 శాతం తగ్గుతుందని అంచనా. దాన్ని పూడ్చడానికి రోజు మోతాదు పెంచితే మంచి అవయవాలు మూల్యం చెల్లిస్తాయి. సరైన మార్గాలు రెండే. శనివారం సిట్టింగు పెట్టడం, లేదా ఒకే రోజు కనీసం 6 గంటల తేడాతో రెండు సిట్టింగులు ఇవ్వడం. మెషిన్ పాడైనప్పుడు దవాఖాన నుంచి ఈ రెండింటిలో ఒకటి అడగడం రోగి హక్కు. జాతర తేదీలు ముందే తెలుసు కాబట్టి, ఆ నెలలో మొదలయ్యే చికిత్సకు తేదీలు చూసుకుని మొదలుపెట్టాలి. తల్లుల మొక్కు తర్వాతైనా తీర్చుకోవచ్చు.

మందులతో అవయవాల రక్షణ గురించి ప్రచారం ఎక్కువ, ఆధారం తక్కువ. పెద్ద మోతాదు విటమిన్ ఈ మాత్రలు ఇచ్చి చూసిన తల, మెడ క్యాన్సర్ పరీక్షలో, మాత్రలు వాడిన కాలంలో క్యాన్సర్ తిరగబెట్టడం లేదా కొత్త క్యాన్సర్ రావడం పెరిగింది. కాబట్టి చికిత్స నడుస్తుండగా "రేడియేషన్ వేడి తగ్గించే" పొడులు, కషాయాలు డాక్టర్‌కు చెప్పకుండా తీసుకోవద్దు. పొగ, తంబాకు మాత్రం మొదటి రోజే మానాలి. పొగ తాగేవారి కణితికి ఆక్సిజన్ సరిగా అందక కిరణం పట్టు తగ్గుతుంది, పుండ్లు కూడా ఆలస్యంగా మానతాయి.

చికిత్స అయిపోయాక

హైదరాబాద్ ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ దవాఖానలోనో, దగ్గర్లోని ప్రైవేటు దవాఖానలోనో ఒకసారి రేడియేషన్ తీసుకుని, మూడేళ్ల తర్వాత వేరే చోటికి వెళ్లేవారు చాలామంది. అక్కడ డాక్టర్‌కు ముందు కావాల్సింది పాత లెక్క. ఏ చోట, ఎన్ని గ్రేలు, ఎన్ని సిట్టింగుల్లో, ఏ తేదీల్లో, వెన్నుపాముకు ఎంత పడింది. ఉదాహరణకు వెన్నెముక నొప్పికి 10 సిట్టింగుల్లో 30 గ్రేలు ఇచ్చి ఉంటే, వెన్నుపాము లెక్కలో అది రోజుకు 2 గ్రేల పద్ధతిలో 37.5 గ్రేలకు సమానం. ఆ కాగితం లేకుంటే రెండోసారి చికిత్స ఊహ మీద నడుస్తుంది, లేదా భయంతో అసలు ఇవ్వరు. డిశ్చార్జి సమ్మరీతో పాటు మోతాదు పట్టిక ఉన్న ప్లాన్ రిపోర్టు, సీడీ అడిగి తీసుకుని, ఆధార్ కార్డు లాగే భద్రంగా పెట్టుకోవాలి, ఫోన్‌లో ఫోటో తీసి ఇంట్లో ఇంకొకరికి పంపి ఉంచాలి.

గొంతుకు చికిత్స అయినవారు రోజుకు మూడుసార్లు నోరు తెరిచే వ్యాయామం చేయాలి. మానేస్తే నమిలే కండరాలు గట్టిబడి నెలల్లో నోరు మూసుకుపోతుంది. పళ్లకు రోజూ ఫ్లోరైడ్ జెల్ వాడాలి. పన్ను పీకాల్సి వస్తే ముందుగా రేడియేషన్ డాక్టర్‌ను కలవాలి. గర్భాశయ ముఖద్వార చికిత్స అయినవారికి యోని అతుక్కుపోకుండా డైలేటర్ (దారి మూసుకుపోకుండా లోపల పెట్టుకునే నున్నటి గొట్టం లాంటి సాధనం) వాడే పద్ధతిని నర్సు విడిగా, మర్యాదగా నేర్పాలి. మూత్రంలో, విరేచనంలో రక్తం ఏడాది రెండేళ్ల తర్వాత కనిపించినా వెంటనే చూపించాలి. అది పాత చికిత్స ప్రభావమే కావచ్చు. అది తెలియక మలాశయం నుంచి ముక్క తీసి పరీక్షకు పంపితే, అక్కడ పుండు మానక రంధ్రం పడొచ్చు. మెడకు రేడియేషన్ పడినవారిలో చాలామందికి థైరాయిడ్ మెల్లగా మందగించొచ్చు. బరువు పెరగడం, నీరసం, చలి అనిపించడం వయసు మీద పడిందనుకుని వదిలేయకుండా, ఆరు నుంచి పన్నెండు నెలలకోసారి థైరాయిడ్ పనితీరు చూసే టీఎస్‌హెచ్ రక్త పరీక్ష చేయించాలి. తగ్గినట్టు తేలితే రోజుకో మాత్రతో సరిపోతుంది.